అమ్మ షుగర్‌కి మూలం పేగు బ్యాక్టీరియానే అంటున్నారు, మోషన్ టెస్ట్ చేయించాలా?

తెనాలి_లక్ష్మి
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అమ్మకి అరవై దాటాయి. చాలా ఏళ్ళుగా షుగర్. మెట్‌ఫార్మిన్ వాడుతోంది, పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర కూడా. అన్నయ్య ఏదో వీడియో చూసి ఒక కంపెనీకి అమ్మ నంబర్ ఇచ్చాడు. వాళ్ళు ఫోన్ చేసి, మోషన్ శాంపిల్ పంపితే పేగులో ఏ బ్యాక్టీరియా ఎంతుందో మొత్తం చదివి రిపోర్ట్ ఇస్తామన్నారు. దాన్నిబట్టి మూడు నెలలు క్యాప్సూల్స్ వాడాలట. తర్వాత షుగర్ మాత్రలు మెల్లగా మానేయొచ్చట. అన్నీ కలిపితే అమ్మ నెల పెన్షన్ దాటిపోతోంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. పేగులో బ్యాక్టీరియాకి షుగర్, గుండె, కీళ్ళవాతం, మతిమరుపు అన్నిటితో సంబంధం ఉందని చెబుతున్నారు. ఇందులో నిజమెంత? అమ్మ మాత్రం ఆ అమ్మాయి ఫోన్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడిందని ఇప్పటికే సగం ఒప్పేసుకుంది.

ల్యాబ్‌కోటు
ఆదివారం, రాత్రి 10:05

లక్ష్మి గారూ, మీరు చెప్పినవాటిలో నాకు ముందు కనిపించింది మెట్‌ఫార్మిన్. నేను చేసే పని సూక్ష్మజీవుల మీదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2012లో చైనా పరిశోధకులు షుగర్ ఉన్నవాళ్ళ పేగు బ్యాక్టీరియా, లేనివాళ్ళ బ్యాక్టీరియా వేరుగా ఉన్నాయని నేచర్ పత్రికలో రాశారు. మరుసటి ఏడాదే స్వీడన్ వాళ్ళు అక్కడి ఆడవాళ్ళ మీద చేసి, వాళ్ళూ తేడా ఉందన్నారు. చిక్కేమిటంటే ఇద్దరూ చూపించిన తేడాలు ఒకదానితో ఒకటి సరిపోలేదు. 2015లో ఇంకో బృందం ఈ రెండు దేశాల డేటాకి డెన్మార్క్ డేటా కూడా కలిపి, ఎవరెవరు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారో విడదీసి చూసింది. షుగర్ వల్ల అనుకున్న మార్పుల్లో చాలా భాగం మెట్‌ఫార్మిన్ వల్లేనని తేలింది.

అంటే మీ అమ్మగారి శాంపిల్ పంపితే రిపోర్ట్‌లో "తేడా" రావడం దాదాపు ఖాయం. అది రోగానిదా, మాత్రదా అన్నది ఆ రిపోర్ట్ చెప్పలేదు. పైగా 2017లో ఇంకో సంగతి బయటపడింది. మెట్‌ఫార్మిన్ వాడాక మనుషుల పేగులో మారిన బ్యాక్టీరియాని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటి షుగర్ అదుపు మెరుగైంది. ఆ మాత్ర పనిలో కొంత భాగం ఈ మార్పు ద్వారానే జరుగుతుండొచ్చు. మాత్ర తెచ్చిన మంచి మార్పునే "తేడా" అని చూపించి మాత్ర మానమంటే ఏం చెప్పాలి?

వాదనరాయుడు
ఆదివారం, రాత్రి 10:31

ల్యాబ్‌కోటు అన్నా, మీ ధోరణి చూస్తే ఆస్ట్రేలియాలోని పెర్త్ డాక్టర్ల కథ గుర్తొచ్చింది. కడుపులో పుండుకి టెన్షన్, కారం, యాసిడ్ కారణమని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ బ్యాక్టీరియా అన్నారు. కడుపులో అంత యాసిడ్‌లో బ్యాక్టీరియా ఎలా బతుకుతుందని కొట్టిపారేశారు. ల్యాబ్‌లో అది పెరగనే లేదు. 1982 ఈస్టర్ సెలవుల్లో బ్యాక్టీరియా పెంచే ప్లేట్లు తీయకుండా వదిలేస్తే, మామూలుకంటే ఎక్కువ రోజులు ఉండడంతో పెరిగింది. ఎవరూ వినకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇవాళ షుగర్ విషయంలోనూ అదే జరుగుతోందని నా అనుమానం. రేపు ఇంకెవరికో నోబెల్ వచ్చాక మనం తీరిగ్గా చప్పట్లు కొడతాం.

హనుమకొండ_డాక్టర్
సోమవారం, ఉదయం 6:48

రాయుడు గారూ, మీరు చెప్పిన ఆ బ్యాక్టీరియా, హెలికోబాక్టర్ పైలోరీ, కథ మంచిదే. కానీ అది మీ వాదనకి ఎదురు తిరుగుతుంది. అక్కడ ఒకే బ్యాక్టీరియా. పుండు ఉన్నవాళ్ళ కడుపులో దాన్ని చూశారు, బయట పెంచారు, మనిషి తాగితే కడుపులో వాపు వచ్చింది, యాంటీబయాటిక్స్‌తో చంపితే పుండు మానింది, మళ్ళీ తిరగబెట్టలేదు. ఇన్ని మెట్లు ఎక్కాకే ఒప్పుకున్నారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం దాన్ని కేన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది కూడా.

షుగర్‌లో ఆఖరి మెట్టు ఎక్కడానికి ప్రయత్నించి చూశారు. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, సన్నగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలంలోని బ్యాక్టీరియాని లావుగా ఉండి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని మగవాళ్ళ పేగులోకి ఎక్కించారు. ఆరు వారాలకి ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. అందరం ఆశపడ్డాం. 2017లో అదే ఊరివాళ్ళు మళ్ళీ చేసి ఎక్కువ కాలం గమనించారు. కొందరికే మెరుగైంది, అదీ పద్దెనిమిది వారాలకల్లా పోయింది.

ఇదే పద్ధతి ఒక చోట మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడాక క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పేగుని ఆక్రమించి విపరీతంగా విరేచనాలు పట్టుకుంటాయి. 2013లో వచ్చిన డచ్ పరీక్షలో మలమార్పిడి ఒక్కసారి చేస్తేనే 16 మందిలో 13 మందికి నయమైంది. వాన్కోమైసిన్ మందు తీసుకున్న 13 మందిలో నలుగురికే నయమైంది. తేడా అంత స్పష్టంగా ఉండడంతో పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

మన దేశం సంగతి అడుగుతారేమో. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌కి ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు మలమార్పిడికి ప్రత్యేక ఆహారం జోడించి చేశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. జబ్బు తీవ్రత తక్కువ, మధ్యస్థం ఉన్నవాళ్ళలో బాగానే పనిచేసింది. ఆహారం కొనసాగించినవాళ్ళకి ఏడాది దాకా నిలిచింది కూడా.

లక్ష్మి గారూ, మాత్రలు మాత్రం ఎవరో ఫోన్‌లో చెప్పారని ఆపకండి.

ప్రవాసి_సెయింట్‌పాల్
సోమవారం, ఉదయం 8:20

మా ఊళ్ళో జరిగిన స్టడీ ఒకటి చెప్పాలి. మిన్నెసోటాలో ఆగ్నేయాసియా నుంచి వచ్చి స్థిరపడ్డ హ్మాంగ్, కరెన్ జనం చాలామంది ఉన్నారు. థాయ్‌లాండ్‌లో ఉన్నవాళ్ళనీ, ఇక్కడికి వచ్చినవాళ్ళనీ, ఇక్కడ పుట్టిన పిల్లల్నీ పోల్చి 2018లో ఒక పేపర్ వచ్చింది. వచ్చిన కొన్ని నెలల్లోనే పీచు అరిగించే ప్రివోటెల్లా జాతులు తగ్గడం, అమెరికన్ల పేగుల్లో ఎక్కువగా ఉండే బ్యాక్టీరాయిడ్స్ పెరగడం మొదలైంది. తరం మారేకొద్దీ బ్యాక్టీరియాలో వైవిధ్యం ఇంకా తగ్గింది. లావు పెరిగినవాళ్ళలో ఈ నష్టం మరింత ఎక్కువ.

ఇక్కడికి వచ్చాక మా తెలుగువాళ్ళలో పొట్ట రానివాడిని వెతుక్కోవాలి. అది పిజ్జా వల్లా, కారు వల్లా, బ్యాక్టీరియా వల్లా అంటే నేను చెప్పలేను. మూడూ ఒకేసారి వచ్చాయి కదా.

ల్యాబ్‌కోటు
సోమవారం, ఉదయం 9:02

ప్రవాసి గారు ఎత్తిన ప్రివోటెల్లా చాలా ముఖ్యం. 2019లో భోపాల్, కేరళల్లో 110 మంది ఆరోగ్యవంతుల్ని చూశారు. గోధుమలు, పప్పులు, కూరగాయలు తినే భోపాల్ వాళ్ళ పేగుల్లో ప్రివోటెల్లాదే రాజ్యం. చేపలు, మాంసం కూడా తినే కేరళ వాళ్ళలో పరిస్థితి వేరు. ఇద్దరూ ఆరోగ్యవంతులే, ఇద్దరూ భారతీయులే.

ఇప్పుడు కంపెనీ రిపోర్ట్‌లో ఎర్ర గుర్తు, పచ్చ గుర్తు ఎవరితో పోల్చి పెడతారు? రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఇంత నుంచి ఇంత అని హద్దు ఉంది. పేగు బ్యాక్టీరియాకి అలాంటి హద్దు ఇంతవరకు ఎవరూ గీయలేదు. యూరప్ వాళ్ళ డేటాతో పోలిస్తే తెనాలిలో పప్పన్నం తినే మనిషికి సగం గీతలు ఎర్రగానే వస్తాయి. లక్ష్మి గారూ, వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే ఈ ఒక్క ప్రశ్న అడగండి.

గోదారోడు
సోమవారం, మధ్యాహ్నం 1:15

ఇంత సైన్సు ఎందుకండీ బాబూ. మా అమ్మమ్మ కుండలో తరవాణి పెట్టేది. గంజిలో అన్నం వేసి పులియబెట్టి, ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. తొంభై దాటి బతికింది, ఒక్క క్యాప్సూల్ మింగలేదు. ఇప్పుడు అదే నీళ్ళని సీసాలో పోసి ప్రోబయాటిక్ అని మూడొందలకి అమ్ముతున్నారు.

సిరి_తార్నాక
సోమవారం, మధ్యాహ్నం 2:40

గోదారోడు గారూ, మీ అమ్మమ్మగారు పొద్దుటి నుంచి చేసిన పని కూడా లెక్కలో వేయండి 🙂

నేను న్యూట్రిషన్ చదువుతున్నాను. పులిసిన ఆహారం విషయంలో మీ మాటకి ఆధారం ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 36 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పెరుగు, కెఫిర్ అనే పులిసిన పాలు, పులియబెట్టిన కూరగాయల్లాంటివి బాగా పెంచారు. రెండో గుంపుకి పీచు పెంచారు. పది వారాలకి పులిసినవి తిన్నవాళ్ళ పేగులో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపుకి సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు గుంపులో రకాలు అంతగా పెరగలేదు.

అలాగని పీచుని తీసేయకండి. పెద్దపేగు గోడలో కణాలకి ముఖ్యమైన ఇంధనం బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం. మనం అరిగించుకోలేని పీచుని బ్యాక్టీరియా పులియబెట్టి దాన్ని తయారుచేస్తుంది. 2015లో పిట్స్‌బర్గ్‌లోని ఆఫ్రికన్ అమెరికన్లకి దక్షిణాఫ్రికా పల్లె తిండి, ఆ పల్లెవాళ్ళకి అమెరికా తిండి రెండు వారాలు మార్చి పెట్టారు. అమెరికన్లలో బ్యూటిరేట్ పెరిగి పెద్దపేగు వాపు తగ్గింది. పల్లెవాళ్ళలో సరిగ్గా తలకిందులైంది. రెండు వారాల్లో!

తరవాణి గురించి ఒక మాట. అన్నం చల్లారితే అందులో కొంత పిండి అరగని రకంగా మారి బ్యాక్టీరియాకి అందుతుంది. కానీ మిగతాదంతా అన్నమే. షుగర్ ఉన్నవాళ్ళు చద్దన్నం మంచిదని కంచం నిండా తింటే మీటర్ ఊరుకోదు. ఇడ్లీ పిండి పులియడం ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా పనే, అయితే ఆవిరి మీద ఉడికేసరికి అవి చచ్చిపోతాయి. బతికున్నవి కావాలంటే పెరుగు, మజ్జిగ. ఆవకాయ అంత ఉప్పులో, నూనెలో ఉంటుంది కాబట్టి దాన్ని ప్రోబయాటిక్ అని మురిసిపోవద్దు. బీపీ ఉన్నవాళ్ళు అసలే వద్దు.

మా తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకి కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లాంటివి 85 గ్రాములు అంటాయి. మన ఇళ్ళల్లో కూర అంటే అన్నంలో కలుపుకోడానికి సరిపడా రెండు గరిటెలు.

సోంపేట_రాజు
సోమవారం, సాయంత్రం 5:55

మా ఉద్దానంలో ఇంటికొక కిడ్నీ పేషెంట్. కిడ్నీకి కూడా పేగు బ్యాక్టీరియాతో సంబంధం ఉందని చదివాను. మా రోగానికి అదే కారణమా? ఇక్కడ కూడా పొడి డబ్బాలు అమ్మడానికి వస్తున్నారు.

ల్యాబ్‌కోటు
సోమవారం, రాత్రి 8:30

రాజు గారూ, ఉద్దానం జబ్బుకి పేగు బ్యాక్టీరియా కారణమని ఎవరూ నిరూపించలేదు. అలా చెప్పి అమ్మితే నమ్మకండి.

సంబంధం ఉన్నది వేరే చోట. మనం తిన్న మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్, టైరోసిన్‌లని పేగు బ్యాక్టీరియా మారిస్తే, వాటినుంచి లివర్‌లో ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసిల్ సల్ఫేట్ అనే హానికర పదార్థాలు తయారవుతాయి. మంచి కిడ్నీలు వీటిని బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలు పంపలేవు, అవి రక్తంలో పేరుకుంటాయి, డయాలిసిస్‌కి కూడా సరిగ్గా లొంగవు. కిడ్నీ చెడితే బ్యాక్టీరియా మారుతుంది, ఆ మార్పు కిడ్నీకి మళ్ళీ చేటు. ఏది ముందో విడదీయడం కష్టం. వీటిని పేగులోనే పీల్చేసేందుకు జపాన్‌లో 1991 నుంచి ఒక బొగ్గు మందు వాడుతున్నారు. అమెరికా, యూరప్ దేశాల్లో సుమారు 2000 మంది మీద పెద్ద పరీక్ష పెడితే కిడ్నీ చెడిపోవడాన్ని అది ఆపలేకపోయింది. కాగితం మీద ఎంత బాగున్నా మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఇలా అవుతుంది.

మందుల_కొట్టు
సోమవారం, రాత్రి 9:47

నలభై ఏళ్ళుగా కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. మీరెవరూ చెప్పనిది ఒకటి చెబుతాను. బ్యాక్టీరియా రోగం తెస్తుందో లేదో గానీ మందుని మాత్రం తినేస్తుంది.

గుండెకి ఇచ్చే డిగాక్సిన్‌ని ఎగ్గర్తెల్లా లెంటా అనే పేగు బ్యాక్టీరియా కొందరిలో పనికిరాకుండా చేస్తుంది. 1989లో న్యూయార్క్ వాళ్ళూ వెల్లూరు సీఎంసీ వాళ్ళూ కలిసి రెండుచోట్ల జనాన్ని పోల్చారు. న్యూయార్క్ వాళ్ళలో మూడో వంతు మందికి పైగా మందుని ఇలా మార్చేస్తున్నారు. మన దక్షిణాది వాళ్ళలో ఏడో వంతు మందే. మైక్రోబయోమ్ (ఒంట్లోని సూక్ష్మజీవుల సముదాయం) అన్న మాట ఇంత మోగకముందే మన పక్కన వెల్లూరులో జరిగిన పని ఇది. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపాని ఎంటరోకాకస్ ఫీకాలిస్ పేగులోనే మార్చేస్తుందని 2019లో తేల్చారు. అది మెదడుకి చేరాల్సిన మందు.

ఇంకొకటి, కాస్త పక్కదారి. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన నడిపించిన అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పుట్టింది. ఆయన పోయాక, 1950లో, అదే మందు తయారీలో మిగిలిన పిప్పి మేతలో కలిపితే కోళ్ళు త్వరగా ఒళ్ళు చేస్తున్నాయని అక్కడివాళ్ళే ప్రకటించారు. అప్పట్నుంచి ప్రపంచమంతా కోళ్ళకీ పందులకీ యాంటీబయాటిక్స్ పెట్టింది. చిన్న మోతాదు యాంటీబయాటిక్ కోడిని లావు చేస్తే, జలుబు చేసిన ప్రతిసారీ మనం పోయించే సిరప్ పిల్లాణ్ణి ఏం చేస్తుందో? చీటీ లేకుండా అజిత్రోమైసిన్ అడిగితే నేనివ్వను, పక్క షాపుకి పోతారు.

వాదనరాయుడు
సోమవారం, రాత్రి 10:20

సుబ్బారావు గారి ముక్కకి వంద లైకులు. ఇప్పుడు నా వైపు వచ్చారు కదా! సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ ల్యాబ్ 2013లో చేసినది చూడండి. కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరి మలాన్నీ బ్యాక్టీరియా అసలు లేని ఎలుకలకి ఎక్కిస్తే, లావు మనిషిది అందిన ఎలుకలకి కొవ్వు పెరిగింది. ఇంతకంటే రుజువేం కావాలి?

ల్యాబ్‌కోటు
మంగళవారం, ఉదయం 7:10

రుజువే, ఎలుకల్లో. పుట్టినప్పటినుంచి బ్యాక్టీరియా తెలియని ఎలుకకి ఏది ఎక్కించినా ఏదో ఒకటి అవుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ మనుషుల్లో ఏమైందో డాక్టర్ గారు చెప్పారు కదా.

కానీ అదే గోర్డన్, ఢాకా పరిశోధకులతో కలిసి చేసిన ఇంకో పని నాకు చాలా ఇష్టం. పోషకాహార లోపం ఉన్న పసిపిల్లలకి తిండి పెట్టినా ఎదుగుదల పూర్తిగా కోలుకోదు. వాళ్ళ పేగు బ్యాక్టీరియా వయసుకి తగ్గట్టు ఎదగదని ముందే గమనించారు. ఏ ఆహారం ఆ బ్యాక్టీరియాని ఎదిగిస్తుందో వెతికి శనగపిండి, వేరుశనగ, సోయా, అరటికాయ కలిపి ఒక ముద్ద తయారుచేశారు. ఢాకాలోని మీర్పూర్ మురికివాడలో 123 మంది పిల్లల మీద పరీక్ష పెట్టారు. మామూలుగా ఇచ్చే బలవర్ధక ముద్దకంటే ఇందులో కేలరీలు తక్కువ. అయినా ఎదుగుదల దీనితోనే బాగుంది. 2021లో వచ్చింది.

ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులకి వారం రోజులు ఒక లాక్టోబాసిల్లస్ రకం, దానికి తిండిగా ఒక చక్కెర ఇచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. 2017 పేపర్. ఏ జాతి, ఎంత మోతాదు, ఏ వయసు అన్నీ ఏళ్ళ తరబడి తేల్చుకుని చేశారు. షాపులో దొరికే ఏదో ఒక క్యాప్సూల్‌కి ఈ గొప్ప అంటించకూడదు. 2018లో ఇజ్రాయెల్‌లో చేస్తే, యాంటీబయాటిక్ కోర్సు తర్వాత ప్రోబయాటిక్ మింగినవాళ్ళ సొంత బ్యాక్టీరియా, ఏమీ మింగనివాళ్ళకంటే ఆలస్యంగా కోలుకుంది.

వాదనరాయుడు
మంగళవారం, ఉదయం 7:32

శనగపిండి, అరటికాయ అంటే బజ్జీయే కదా. సరే, నూనె వద్దంటారు. పిల్లల సంగతి ఒప్పుకుంటున్నా, షుగర్ సంగతి ఒప్పుకోను. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆరు వారాలైనా పనిచేసిందంటే అక్కడేదో ఉన్నట్టే.

తెనాలి_లక్ష్మి
మంగళవారం, రాత్రి 8:50

అందరికీ చాలా థాంక్స్. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. ఎవరి డేటాతో పోలుస్తారని అడిగాను. "ఇంటర్నేషనల్ డేటాబేస్ మేడమ్" అంది. అందులో మనవాళ్ళు ఎంతమంది అంటే సీనియర్‌తో మాట్లాడించి చెబుతానంది. మెట్‌ఫార్మిన్ ప్రభావం ఎలా తీసేస్తారని అడిగితే, డిస్కౌంట్ ఈ రోజుతో అయిపోతుందంది. వద్దని చెప్పేశాను. అన్నయ్య ఇంకా అలిగే ఉన్నాడు.

డాక్టర్ గారూ, ఒకటి అడగాలి. గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటోంది. దానివల్ల కూడా బ్యాక్టీరియా మారుతుందా? నేనే ఆపించేయనా?

హనుమకొండ_డాక్టర్
బుధవారం, ఉదయం 6:30

మారుతుందమ్మా. కడుపులో యాసిడ్ తగ్గితే నోట్లో ఉండే బ్యాక్టీరియా చావకుండా పేగు దాకా చేరుతుంది. 2016లో బ్రిటన్, నెదర్లాండ్స్ స్టడీలు రెండూ అదే చూపించాయి. మన దగ్గర ఈ మాత్ర ఎవరు ఎందుకు మొదలుపెట్టారో గుర్తులేకుండానే ఏళ్ళ తరబడి నడుస్తుంటుంది. ఒక్కసారిగా ఆపితే మంట తిరగబెట్టొచ్చు. కీళ్ళనొప్పుల మాత్రలో, రక్తం పలచబడే మందో వాడుతుంటే ఇది అవసరం కూడా. అందుకని రాసిన డాక్టర్‌నే అడిగి, అక్కర్లేదంటే మెల్లగా తగ్గించండి.

మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర రెండూ చాలాకాలం వాడితే బి12 తగ్గుతుంది. అరికాళ్ళు తిమ్మిరి, మంట అంటున్నారా? షుగర్ వల్లే అనుకుని వదిలేస్తుంటారు. ఈసారి మూడు నెలల షుగర్ టెస్ట్ చేయించినప్పుడు బి12 కూడా రాయించండి, రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టండి.